ఏకశ్రుతి, అదే ఇంగ్లీషులో మోనోటోన్, అంటే బోరా? ఎవరు చెప్పారండీ మీకు?

ఇప్పుడే ఓ అనువాద యాప్‌లో 'మోనోటోన్' అని కొడితే వచ్చిన అర్థం: "విసుగు పుట్టించే". అంతే. పని అయిపోయింది, అందరూ ఇళ్లకు వెళ్లొచ్చు.

విసుగు వినేవాడి బాధండీ, పదానికి అర్థం కాదు! గ్రీకులో మోనోస్ అంటే ఒకటి, టోనోస్ అంటే బిగువు. తీగ బిగువు మారకపోతే శ్రుతి, అంటే స్వరం ఎత్తు, మారదు. ఆ మాటకు ఉన్న అర్థం అంతవరకే. మన దగ్గర దీనికి సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని వాడిన మాటే ఉంది. "ఏకశ్రుతి దూరాత్ సంబుద్ధౌ": దూరాన ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు ఉదాత్తం (ఎత్తు), అనుదాత్తం (దింపు), స్వరితం (రెండూ కలిసినది) అనే తేడా లేకుండా పలకమని. ఆ వెంటనే యజ్ఞకర్మకూ అదే చెప్పి, జపాన్నీ సామగానాన్నీ మినహాయించాడు. ఇదంతా బోరు కొట్టించడానికి రాశాడంటారా?

పైగా "గొంతు పెంచకపోతే మోనోటోన్" అని ఇంకో జ్ఞాని. మహాప్రభో, 440 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మెల్లగా కొట్టినా, గట్టిగా కొట్టినా పలికేది 440 హెర్ట్జే. పెరిగేది చప్పుడు, శ్రుతి కాదు.

నమ్మకపోతే శ్రుతిని ముల్లుతో చూపే ట్యూనర్ యాప్ తెరిచి "ఆఁ" అనండి. వింటున్నా అన్నట్టు ఒకసారి, ఏమన్నావూ అన్నట్టు ఒకసారి, అబ్బో నువ్వా చెప్పేది అన్నట్టు ఒకసారి. ముల్లు మొదటిదానికి దిగుతుంది, రెండోదానికి ఎక్కుతుంది, మూడోదానికి ఎక్కి దిగుతుంది. ఇప్పుడు ముల్లు కదలకుండా అనండి. మూడిటికీ తేడా పోయింది కదా? అదీ ఏకశ్రుతి. సాగదీయకండి, ఊపిరి అయిపోయే చోట ముల్లు జారుతుంది. "వచ్చాడా"తో మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, చివరి 'ఆ' ఉన్నంతవరకూ ఎంత చదునుగా పలికినా అది ప్రశ్నే.

ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివితే మోనోటోన్ అట! ఎక్కాలకు రాగం ఉంటుందండీ. ప్రతి వరసనీ ఒకేచోట ఎత్తి ఒకేచోట దించుతారు. దాన్ని మూస అనండి, ఎవరొద్దన్నారు?

ఇంతా చెప్పాక కింద ఎవరో ఒకరు "శృతి గురించి బాగా చెప్పారు" అని రాస్తారు, నాకు తెలుసు. శ్రు అంటే వినడం, దాన్నుంచి శ్రుతి. అందులో ఋ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? శ్రవణాన్ని శృవణం అని రాస్తారా? శ్రోతని శృోత అంటారా?