ఫారంలో గడి లేని నాలుగేళ్లు

ఎచ్చెర్ల మండలం తీరం ఊరి కుర్రాడొకడు నిరుడు ఉద్యోగ దరఖాస్తు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రణస్థలం వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ హెల్పర్ పోస్టు. తండ్రి పేరు, తండ్రి వృత్తి, సొంత ఊరు, పదిలో ఎంత శాతం, ఇంటర్‌లో ఎంత శాతం, కంపెనీలో బంధువులెవరైనా ఉన్నారా... వరసగా నింపుకుంటూ వచ్చాం. ఇంటర్ అయ్యాక నాలుగేళ్లు ఏం చేశావని అడిగాను. "వేరావల్ ఎల్లాను మాస్టారూ, బోటు మీద. అది రాయడానికి గడి లేదు కదా, ఒగ్గీండి" అన్నాడు.

నాలుగు సీజన్లు గుజరాత్ తీరంలో వేటకు వెళ్లాడు. రెండో సీజన్ నుంచి ఇంజిన్ చూసుకునేది అతనే. డీజిల్ లైన్‌లో గాలి పట్టి నడిసముద్రంలో బోటు ఆగిపోతే, చీకట్లో టార్చిలైటు పెట్టుకుని విప్పి మళ్లీ స్టార్ట్ చేశాడట. తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద, అతన్ని పక్క బోటుకు పోనివ్వలేదు. ఇదంతా నేను అడిగితే చెప్పాడు. ఫారం అడగలేదు. ఫ్యాక్టరీ వాళ్లు ఒకే మాట చెప్పారు: గ్యాప్ ఎక్కువుంది. ఆగస్టులో అతను మళ్లీ రైలెక్కాడు.

ఒక మనిషి గత జీవితాన్ని చూసి రేపు ఎలా పనిచేస్తాడో అంచనా వేయడం కొత్త సంగతి కాదు. 1894లో షికాగోలో బీమా కంపెనీల సమావేశంలో కల్నల్ థామస్ పీటర్స్ అనే ఆయన, ఏజెంట్లను తీసుకునేటప్పుడు అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుదామని ప్రతిపాదించాడు. 1922 నాటికి ఏ జవాబుకు ఎన్ని పాయింట్లో లెక్కగట్టే పద్ధతి వచ్చింది. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లలో బాగా చేసేవాళ్లెవరు, చేయలేనివాళ్లెవరు అని విడదీసి, వాళ్ల జవాబుల్లో తేడా ఎక్కడుందో చూస్తారు. తేడా కనిపించిన ప్రశ్నకే పాయింట్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాయుసేన పైలట్ శిక్షణకు మనుషుల్ని ఎంచేటప్పుడు ఇలాంటి ప్రశ్నావళినీ వాడింది. అందులో ఒక ప్రశ్న గురించి ఈ రంగంలోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు: "మీరెప్పుడైనా నిజంగా ఎగిరే బొమ్మ విమానం తయారుచేశారా?" పరీక్షల మూట మొత్తం చెప్పినదానికి దగ్గరగా ఈ ఒక్క ప్రశ్నే చెప్పగలిగిందంటారు. బొమ్మ విమానం ఎగరాలంటే ఆసక్తి ఉండాలి, ఓపిక ఉండాలి, చేతికి పని రావాలి. పైగా అది ఎగిరిందా లేదా అన్నది చూసినవాళ్లకు తెలుస్తుంది. మా కుర్రాడి ఇంజిన్ కూడా అలాంటిదే. స్టార్ట్ అయింది, బోటు ఒడ్డుకు వచ్చింది.

అంకెలు కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి. ఎంపిక పద్ధతి చెప్పిన జోస్యానికీ, తర్వాత మనిషి చేసిన పనికీ ఎంత పొంతన ఉందో సున్నా నుంచి ఒకటి వరకు కొలుస్తారు. 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు ఇచ్చిన లెక్కలో ఇలా పాయింట్లు కట్టిన జీవిత వివరాలకు 0.35 వచ్చింది. ఎన్నేళ్లు చదివారన్నదానికి 0.10 మాత్రమే. 2022లో సాకెట్ అనే మరో పరిశోధకుడి బృందం ఆ లెక్కలన్నీ తిరగదోడితే చాలా పద్ధతుల విలువ పడిపోయింది, జీవిత వివరాలది 0.38 దగ్గర నిలబడింది. పరిశోధకులు 'బయోడేటా' అనేది దీన్నే. మన దగ్గర జిరాక్స్ షాపులో పది రూపాయలకు దొరికే బయోడేటా ఫారానికీ దానికీ పేరు తప్ప పోలిక లేదు. మన ఫారం ఎవరి కొడుకువి, ఏ ఊరివి అని అడుగుతుంది. ఏం చేశావని అడగదు.

అలాగని పాయింట్ల పద్ధతిని కళ్లు మూసుకుని తెచ్చుకోమని నేను చెప్పను. అమెరికాలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల నియామకాలకు 2014లో ఇలాంటి ప్రశ్నావళే పెట్టారు. హైస్కూల్లో ఏ సబ్జెక్టులో తక్కువ మార్కులు వచ్చాయన్న ప్రశ్నకు సైన్స్ అని రాస్తే ఎక్కువ పాయింట్లు! ఆ ఉద్యోగం కోసమే కాలేజీల్లో కోర్సు చదివిన పిల్లలు ఎందుకు ఫెయిలయ్యారో తెలియక ఇంటికి వెళ్లారు. కోర్టు కేసులు నడిచాయి, 2018లో దాన్ని ఎత్తేశారు. పని చేయబోయే మనిషికి, ఈ ప్రశ్న నా పనికి సంబంధించిందే అని అనిపించాలి. అలా అనిపించని ప్రశ్నకు లెక్కల్లో ఎంత బలమున్నా నేను ఒప్పుకోను.

ఇంకో చిక్కు మన జిల్లాలకు బాగా దగ్గరిది. ఇంటికీ ఫ్యాక్టరీకీ దూరం ఎంత అన్నది పాత రోజుల నుంచీ ఈ ఫారాల్లో ఉంది, దూరంగా ఉండేవాళ్లు త్వరగా మానేస్తారని. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో ఆ లెక్క కడితే చీపురుపల్లి లోపలి ఊళ్లవాళ్లకు పాయింట్లు తగ్గొచ్చు. కానీ రాత్రి షిఫ్టు దిగాక ఇంటికి బస్సు లేకపోతే ఎవరు మాత్రం ఎన్నాళ్లుంటారు? కంపెనీ ఒక బస్సు వేస్తే ఆ జోస్యం తప్పిపోతుంది. తండ్రి వృత్తి, ఊరి పేరు ఇంకా ప్రమాదం. మన దగ్గర ఆ రెండూ చూస్తే కులం తెలిసిపోతుంది. పాత నియామకాల్లో వివక్ష ఉంటే పాయింట్లలోకీ అదే వస్తుంది. అమెజాన్ కంపెనీ రెజ్యూమెలు వడపోయడానికి తయారుచేసుకున్న ప్రోగ్రాం మగవాళ్ల పాత రెజ్యూమెలు చూసి నేర్చుకుని, మహిళలకు సంబంధించిన మాట కనబడితే మార్కులు తగ్గించిందని 2018లో బయటపడింది. అప్పటికే కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది.

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మన పిల్లలందరూ ఆ చుట్టుపక్కల ఉద్యోగాల మాటే మాట్లాడుతున్నారు. స్థానికుడా కాదా అన్నది కాగితాలు చూస్తే తెలుస్తుంది. ఆ స్థానికుల్లో ఎవరికి ఏ పని వచ్చో తెలియాలంటే ఇక్కడి జీవితం తెలిసిన ప్రశ్నలు కావాలి. ఆగిపోయిన మోటారునో, ఇంజిన్‌నో సొంతంగా బాగుచేశారా? ఎవరు చూశారు? పలాసలో జీడిపప్పు గ్రేడింగ్‌కు ఎన్ని సీజన్లు వెళ్లారు, మీ సరుకు ఎప్పుడైనా తిరిగొచ్చిందా? తిత్లీ తుపాను తర్వాత మీ ఇంట్లో, మీ ఊళ్లో మీరు చేసిన పనేమిటి? వీటికి అబద్ధం చెప్పడం కష్టం, తండేలుకో మేస్త్రీకో ఒక ఫోన్ చేస్తే తేలిపోతుంది. మిషన్ ముట్టుకోనివ్వని ఇంట్లో పెరిగిన ఆడపిల్ల మోటారు ప్రశ్న దగ్గర ఓడిపోకూడదు కాబట్టి ఒకే పనికి రెండు మూడు రకాల ప్రశ్నలు ఉండాలి. పాయింట్లు కూడా ఎప్పటికీ అవే పనిచేయవు, కొన్నేళ్లకోసారి కొత్త ఉద్యోగుల మీద సరిచూసుకోవాలి.

వందల మంది పనిచేసే ఫ్యాక్టరీకి ఇది మోయలేని ఖర్చు కాదు. మిషన్ ఆగితే ఎవర్ని పిలవాలో షిఫ్టు సూపర్‌వైజర్లకు ఇప్పటికే తెలుసు. ఆ పిలిచే మనుషుల్ని కూర్చోబెట్టి, ఇక్కడికి రాకముందు ఏం పనులు చేశారో అడిగి రాసుకోవాలి. కొత్త ఫారం అక్కడి నుంచి మొదలుపెట్టాలి. గుజరాత్‌లో సీజన్ ముగిసి మన కుర్రాళ్లు దిగే నెలల్లోనే దరఖాస్తులు పిలవాలి.