ఫాంటమ్ 2, బెంట్లీ 8 లీటర్: ఆ మెసేజ్ పంపేముందు ఇది చదవండి

మళ్లీ అదే మెసేజ్ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. "1930ల నాటి రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 2, బెంట్లీ 8 లీటర్ రెంటిదీ ఒకటే ఇంజిన్. వేగంలో బెంట్లీదే పైచేయి. ఎవరూ కొనక బెంట్లీ దివాలా తీస్తే రోల్స్‌రాయిస్ జాలిపడి ఆదుకుంది. ఈ పాత బళ్లకు కుళాయి నీళ్లు, గ్రీజు చాలు." కింద మన చౌమహల్లా ప్యాలెస్ పసుపు బండి ఫొటో.

ఆ ఫొటోలోది సిల్వర్ ఘోస్ట్, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది. ఫాంటమ్ 2 వచ్చిందే 1929లో.

ఇంజిన్లు ఒకటి కానే కావు. ఫాంటమ్‌ది 7,668 సీసీ, సిలిండర్‌కు రెండు వాల్వులు (గాలి, పొగ దారులు తెరిచి మూసే మూతలు), వాటిని కింది నుంచి నెట్టే పుష్‌రాడ్‌లు. బెంట్లీది 7,983 సీసీ, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, పైన క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిచే ఇరుసు. దాన్ని తిప్పేది చెయిన్ కాదు, మూడు రాడ్లు. ఫాంటమ్ హెడ్, అంటే సిలిండర్ల పైమూత, విడిగా ఊడొస్తుంది. బెంట్లీలో హెడ్డూ, సిలిండర్లుండే బ్లాకూ ఒకే పోత కాబట్టి వాల్వులు గ్రైండ్ చేయాలంటే బ్లాకు మొత్తాన్ని ఇంజిన్ కింది పెట్టె, క్రాంక్‌కేస్ మీంచి లేపాల్సిందే.

జాలా? 1931లో బెంట్లీ రిసీవర్ (అప్పులు తీర్చడానికి ఆస్తులు అమ్మే అధికారి) చేతికి వెళ్లాక నేపియర్ అనే ఇంజిన్ల కంపెనీ దాదాపు కొనేసినంత పని చేసింది. రోల్స్‌రాయిస్ ఒక ట్రస్టును ముందు పెట్టి, తన పేరు బయటపడకుండా ఎక్కువ ధర పాడి ఎగరేసుకుపోయింది. 8 లీటర్ తయారీ అంతటితో ఆగిపోయింది. పోటీ బండిని ఆపేయడాన్ని ఆదుకోవడం అంటారా? అసలు ఎవరూ కొనలేదన్నది కూడా అబద్ధమే. ఆర్థిక మాంద్యం నడుమ, బాడీ లేకుండా చాసిస్ (ఇంజిన్, చక్రాలున్న అడుగు చట్రం) ఒక్కటే 1,850 పౌండ్లున్నా 100 బళ్లు తయారయ్యాయి.

వేగం మాట మాత్రం నిజం, ఒప్పుకోవాల్సిందే. బరువైన సెలూన్ బాడీతోనూ బెంట్లీ గంటకు 100 మైళ్లు అందుకునేది. ఫాంటమ్ 2లో వేగమైన రకం కాంటినెంటల్‌కు కూడా అది అందలేదు.

ఇక బళ్లను చంపే మాట, ఆ కుళాయి నీళ్లు. ఫాంటమ్ 2 హెడ్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. ఇంజిన్‌ను చల్లబరచడానికి మధ్యలో ఉత్త నీళ్లుంటే ముందు తినేసేది అల్యూమినియాన్నే. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య లీకు ఆపే గాస్కెట్ పక్కనున్న నీటి దారుల అంచులు తెల్లటి పొడిగా రాలి, నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. బోరు నీళ్లయితే పైగా సున్నం పేరుకుంటుంది. ఇంజిన్ చల్లారాక డ్రెయిన్ ట్యాప్ తిప్పండి. నీళ్లు రాకపోతే అడ్డుపడింది మడ్డి, తీగతో పొడవండి. కింది హోస్ నుంచి పైకి, తక్కువ ప్రెషర్‌తో, నీళ్లు తేటపడేదాకా కడగండి. తర్వాత రెండొంతులు డిస్టిల్డ్ వాటర్, ఒక వంతు తుప్పు ఆపే కూలెంట్ పోయండి. రెండేళ్లకోసారి మార్చండి. హెడ్ విప్పాల్సి వచ్చినప్పుడు అది స్టడ్లకు (బిగించే మరలకు) పట్టేస్తే స్క్రూడ్రైవర్ దూర్చి లేపొద్దు, మెత్తటి అల్యూమినియం మీద గాడి పడితే ఏ గాస్కెట్టూ ఆపదు. నట్లు తీసి, స్టడ్ల చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి, రోజుల తరబడి నాననివ్వండి.

గ్రీజు కూడా అంతే. ఫాంటమ్ 2లో పెడల్ తొక్కితే సన్నటి గొట్టాల్లోంచి చాసిస్ జాయింట్లకు నూనె వెళ్తుంది. అందులోకి గ్రీజు ఎక్కించారంటే గొట్టాలు పూడుకుపోయి, పెడల్ ఎన్నిసార్లు తొక్కినా జాయింట్లు ఎండిపోయి అరుగుతాయి.