అవుట్‌పుట్ ప్యానెల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అవుట్‌పుట్ ప్యానెల్ గారికి,

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో పిల్లలకు సి, పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పుకుని బతికేవాడు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ ఎడిటర్ కింది భాగంలో, వాటి జవాబులు చూపిస్తూ తమరూ క్షేమంగానే ఉంటారు. ఎవరి మాటా వినాల్సిన పని లేనివాళ్లకు ఏ లోటు వస్తుంది?

విషయం ఏమంటే, మొన్న ఫస్టియర్ పిల్లవాడొకడు రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రామ్ రాశాడు. తెర మీద మాట చూపించే ప్రింట్‌ఎఫ్‌తో సంఖ్య అడిగాడు, కీబోర్డులో కొట్టింది చదివే స్కాన్‌ఎఫ్‌తో తీసుకోబోయాడు. సెమికోలన్లన్నీ ఉన్నాయి. స్కాన్‌ఎఫ్‌లో అంపర్‌సాండ్ (&) గుర్తు కూడా మరిచిపోలేదు, నా క్లాసులో అదే పెద్ద పండగ. ఒక్క నొక్కుతో ప్రోగ్రామ్ నడిపే కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాడు, పైన రన్ బటన్ నొక్కాడు. తమరు బ్రాకెట్లలో ‘రన్నింగ్’ అని ఒక ముక్క చెప్పి, పక్కనే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్, అంటే జీసీసీ, కమాండ్ మొత్తం అప్పజెప్పి, నోరు మూసుకున్నారు. వాడు రాసిన ‘ఎంటర్ ఎ నంబర్’ కూడా బయటికి రాలేదు. అయినా వాడు 5 కొట్టాడు. పడలేదు. మళ్లీ కొట్టాడు. ఇది చదువుకోవడానికే తప్ప రాయడానికి కాదని ఇంగ్లీషులో ఒక చీటీ చూపించారు. ఏం చేయాలో తోచక ఇంకోసారి రన్ నొక్కాడు. కోడ్ ఇప్పటికే నడుస్తోందన్నారు. ఆ నడిచేదేదో మాకూ కాస్త చూపించొచ్చు కదా సామీ!

“సార్, కొడతానే ఉండా, పడటంల్యా. కీబోర్డు పోయిండాదేమో” అన్నాడు పాపం. పక్క బెంచీ పెద్దమనిషి కంపైలర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని సలహా ఇచ్చాడు. చేశారు కూడా. హాస్టల్ వైఫైలో ఆ సాయంత్రం అట్లా గడిచిపోయింది. తమరు మాత్రం చలించలేదు.

ఆ ప్రశ్న ఎక్కడ చిక్కుకుందో నాకు తెలుసు. అవతల ఉన్నది కీబోర్డు మాట కూడా వినే టెర్మినల్ కాదు, ఒట్టి పైపు అనుకుంటే, సి లైబ్రరీ ప్రింట్‌ఎఫ్ మాటల్ని వెంటనే పంపదు. బఫర్ అనే తాత్కాలిక నిల్వలో పోగేసి, అది నిండినప్పుడో ప్రోగ్రామ్ ముగిసినప్పుడో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ప్రోగ్రామ్ ముగియాలంటే 5 కావాలి. 5 లోపలికి పోవాలంటే తమరు తీసుకోవాలి. తమరు తీసుకోరు. పోగైంది వెంటనే పంపించే ఎఫ్‌ఫ్లష్ పెడితే ప్రశ్నయితే కనిపిస్తుంది గానీ, అది ఇంకా ఘోరం. అడిగింది ఎదురుగా ఉంటుంది, జవాబు చెప్పే దారి ఉండదు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. వచ్చింది చూపించడమే తమరి ఉద్యోగం. వినడం టెర్మినల్ గారి శాఖ. కానీ ఇద్దరూ ఒకే వరుసలో, పక్కపక్క ట్యాబుల్లో కూర్చుంటే కొత్తవాడికి తేడా ఎట్లా తెలుస్తుంది? 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా విడిపోయాక, పాత అలవాటు కొద్దీ అర్జీ పట్టుకుని చిత్తూరు బస్సెక్కిన శ్రీకాళహస్తి మనిషికైనా, అక్కడ ఎవరో ఒకరు ‘తిరుపతికి పోన్నా’ అని చెబుతారు. తమరు ఆ మాట కూడా చెప్పరే! రీడ్ ఓన్లీ అని గద్దించేబదులు, పక్క ట్యాబులో అడగమంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?

పరిష్కారం ఏమైనా కష్టమా అంటే, నవ్వొస్తుంది. కంట్రోల్ ఆల్ట్ ఎమ్ కొట్టి ఇరుక్కున్న ప్రోగ్రామ్‌ను ఆపాలి. కంట్రోల్ కామాతో సెట్టింగ్స్ తెరిచి, ‘రన్ ఇన్ టెర్మినల్’ అని వెతికి, కోడ్ రన్నర్ కింద ఉన్న ఆ గడిలో టిక్కు పెట్టాలి. అంతే, మరుసటి రన్ టెర్మినల్‌లోకి పోతుంది, 5 పడుతుంది. దాని దగ్గర్లోనే ‘సేవ్ ఫైల్ బిఫోర్ రన్’ కూడా ఉంది. దానికీ టిక్కు పెడితే, సేవ్ చేయకుండా నడిపి పాత జవాబే వస్తోందని ఏడ్చే పని తప్పుతుంది. తప్పులు వెతికే పైథాన్ డీబగ్గర్‌లో ఎవరైనా కన్సోల్‌ను ‘ఇంటర్నల్ కన్సోల్’ అని మార్చుకుంటే అక్కడా ఇదే తంటా, ‘ఇంటిగ్రేటెడ్ టెర్మినల్’ అని రాసుకోవాలి. నా గోడంతా ఆ మొదటి టిక్కు గురించే. మొదటి పాఠంలోనే ఇన్‌పుట్ అడిగే పిల్లల చేతికి, అది తీసేసి ఉన్న ఎడిటర్ ఇవ్వడమేంటి?

మా కాలంలో 1987 నాటి టర్బో సి అనే ఎడిటర్, కంపైలర్ కలిసిన సాఫ్ట్‌వేర్ వారసులు ఉండేవి. ఆ నీలం తెర చూస్తే కళ్లు మండేవి, ఆల్ట్ ఎఫ్5 కొడితే గానీ జవాబు కనపడేది కాదు. అయినా 5 కొడితే 5 అని వినేది.

తమరికి చెవులు పెట్టించమని అడగను. ఇన్‌పుట్ కోసం ప్రోగ్రామ్ ఎదురుచూస్తోందని ఒక్క వాక్యం, ‘రన్నింగ్’ కింద, చిన్న అక్షరాల్లో. అది చాలు.

ఇట్లు,
తమ మౌనబాధితుడు

తా.క.: సంఖ్య చదివిన వెంటనే స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ సి (%c) తో అక్షరం అడిగితే, ప్రోగ్రామ్ ఆగకుండా దాటుకుపోవడం తమరి తప్పు కాదు. ముందు కొట్టిన ఎంటర్ బఫర్‌లో మిగిలి, అదే అక్షరం కింద జమ అవుతుంది. పర్సెంట్ ముందు ఒక ఖాళీ వదిలితే సరిపోతుంది. అయినా పిల్లలు దాన్నీ తమరి ఖాతాలోనే రాస్తున్నారు. నేనూ అడ్డు చెప్పడం లేదు.