క్షయ గురించి ఇంకాస్త రాయండి

సూక్ష్మజీవుల జన్యుక్రమం, అంటే వాటి డీఎన్‌ఏ అక్షరాల వరుస, చదివితే జబ్బుల గుట్టు తెలుస్తుందని మీ వ్యాసంలో చక్కగా రాశారు. కానీ క్షయకు ఒక్క వాక్యంతో సరిపెట్టడం బాధనిపించింది.

మాది చెన్నై, పెరంబూరు. మా పిన్నికి టీబీ అని తేలగానే ఒక ఆసుపత్రిలో మామూలు మాత్రలు మొదలుపెట్టారు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది చూసి మందు పనిచేస్తోందనుకుంది పిచ్చితల్లి. కఫం డబ్బా ఇచ్చిన ప్రతిసారీ మూత బిగించి, పైన తన పేరు సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకునేది. రెండు నెలలయ్యాక, కఫంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టు వచ్చింది, ఐసోనియాజిడ్ అనే ఇంకో ముఖ్యమైన టీబీ మందుకు క్రిమి లొంగడం లేదని. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

టీబీ క్రిమి జన్యుక్రమంలో ఉన్నవి సుమారు 44 లక్షల అక్షరాలు. 1998లోనే అంతా చదివేశారు. ఆర్‌పీఓబీ అనే జన్యువులో ఒక్క అక్షరం మారినా రిఫాంపిసిన్ పనిచేయకపోవచ్చు. టీబీ ఉందేమో చూడటానికి మామూలుగా చేసే జీన్‌ఎక్స్‌పర్ట్ అనే జన్యు పరీక్ష ఆ మార్పునే వెతుకుతుంది, ఐసోనియాజిడ్ జోలికి పోదు. మొత్తం క్రమం చదివితే ముఖ్యమైన మందులన్నింటి సంగతీ ఒకేసారి బయటపడుతుంది. ఇద్దరు రోగుల క్రిములను పోల్చి, ఒకరి నుంచి ఇంకొకరికి అంటి ఉంటుందా అన్నదీ అంచనా వేయొచ్చు. పశువుల టీబీ క్రిమి, మనుషులది 99.9 శాతానికి పైగా ఒకటే, ఆ కాస్త తేడానూ ఇది పట్టేస్తుంది.

జాతీయ క్షయ పరిశోధన సంస్థ మా చెట్‌పట్‌లోనే ఉంది. అక్కడివాళ్లతో మాట్లాడి, మొత్తం క్రమం చదివే ఈ పరీక్ష మామూలు రోగి దాకా ఎలా వస్తుందో ఇంకో వ్యాసం రాయండి, దయచేసి.