భయం ఒకచోట, ప్రాణాలు పోతున్నది మరోచోట

ఎక్కడైనా హత్య జరిగితే వారం రోజులు అదే మాట. టీవీల్లో సీసీ కెమెరా దృశ్యాలు తిప్పి తిప్పి చూపిస్తారు, ఆడపిల్లలను చీకటిపడ్డాక బయటికి పంపడానికి ఇంట్లోవాళ్లు జంకుతారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కలు చూడండి. దేశంలో హత్యలు 28,522. ఆత్మహత్యలు 1,70,924. దాదాపు ఆరు రెట్లు. తెలంగాణలో లక్ష జనాభాకు 26.3 మంది, దేశ సగటు 12.4కు రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంత పెద్ద సంఖ్య మన ఎన్నికల సభల్లో వినిపించదు.

బ్రిటన్‌లో 1982 నుంచి ఇంటింటి సర్వే చేసి నేరాల గురించి జనాన్నే అడుగుతున్నారు. ఆ సర్వేల్లో దేశంలో నేరాలు పెరిగాయనేవాళ్లు ఎక్కువ, మా ఏరియాలో పెరిగాయనేవాళ్లు తక్కువ. కళ్లతో చూసిన దానికన్నా వార్తల్లో విన్నదే భయాన్ని పెంచుతుందని అర్థమవుతోంది.

ఆత్మహత్యల విషయంలోనూ మన అంచనా వార్తల వెంటే నడుస్తుంది. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది రైతు, లేదంటే ఇంటర్ ఫలితాల రోజు విద్యార్థి. ఆ రెండు బాధలూ నిజమే, చిన్నవి కావు. 2022లో వ్యవసాయ రంగంలో 11,290 మంది, విద్యార్థులు 13,044 మంది చనిపోయారు. అదే ఏడాది గృహిణులు 25,309 మంది. వాళ్ల కోసం ఏ పార్టీ ధర్నా చేసింది?

పైగా ఈ లెక్క పుట్టేది పోలీస్ స్టేషన్‌లో. మన పేపర్లలో ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట చదవని తెలుగువాడు ఉండడు. కొందరికి అది నిజం కావచ్చు. కానీ పోస్టుమార్టం గది బయట నిలబడ్డ కుటుంబానికి పరువు, కేసు టెన్షన్, పెళ్లి కావాల్సిన చెల్లెలు అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. ఫిర్యాదులో కడుపునొప్పి అని రాసిస్తే ప్రశ్నలు తగ్గుతాయి. అది ‘అనారోగ్యం’ కాలమ్‌లో చేరిపోతుంది. అలాంటప్పుడు అసలు కారణాలైన భర్త తాగుడూ, అప్పులవాళ్ల వేధింపులూ ఏ కాలమ్‌కీ ఎక్కవు. కారణమే కాదు, సంఖ్య మీదా అనుమానాలున్నాయి. 2016లో ఎన్‌సీఆర్‌బీ 1,31,008 అంది, అదే ఏడాదికి లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా 2,30,314. తేడా దాదాపు లక్ష ప్రాణాలు.

ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత ఐపీసీ 309 సెక్షన్‌కు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహితలో చోటివ్వలేదు. మంచిదే. మరి లెక్క మాత్రం ఇంకా ఖాకీ చేతుల్లోనే ఎందుకుండాలి? కర్మకాండలు ముగిశాక ఆరోగ్య సిబ్బంది ఆ ఇంటికి వెళ్లి, కేసుతో సంబంధం లేకుండా మాట్లాడి, అసలు ఏం జరిగిందో రాసుకోవాలి. ఆ ఇంట్లో మిగిలినవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కూడా అప్పుడే ఇవ్వాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. 2030 నాటికి ఆత్మహత్యలను పది శాతం తగ్గిస్తామని కేంద్రం 2022 నవంబర్‌లో ప్రకటించింది. చావులు తగ్గాయో, రికార్డుకెక్కడమే తగ్గిందో ఆ రోజు తేల్చుకోవాలంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.