జెర్సీ ఇచ్చే ముందే కాగితం చూడాలి

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒంగోలులో చదివిన అమ్మాయి నెల్లూరు కాలేజీలో సీటు అడిగితే నాన్‌లోకల్. మధ్య దూరం రైల్లో రెండు గంటలు కూడా ఉండదు. వియ్యాలు అటూ ఇటూ కలిసిపోయినవే. అయినా చదువుల లెక్కలో ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, నెల్లూరు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. ఉద్యోగాల దగ్గరికొస్తే 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఈ రెండు జిల్లాలే గుంటూరుతో కలిసి మూడో జోన్. 'మీదే ఊరు?' అన్న ప్రశ్నకు అడిగే ఆఫీసును బట్టి జవాబు మారుతుందని స్టడీ సర్టిఫికెట్ల కోసం స్కూళ్ల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు ఒకరు చెప్పనక్కర్లేదు. అంతర్జాతీయ రగ్బీ ఏళ్ల తరబడి పడుతున్న తగువు కూడా ఇదే. నిన్న కాక మొన్నటిదాకా మనకు పేరు మాత్రమే తెలిసిన ఆట. 2025లో ముంబైలో జరిగిన లీగ్‌లో హైదరాబాద్ పేరుతో కూడా ఒక జట్టు దిగాక తెలుగు పిల్లలు కొందరైనా దానివైపు చూస్తున్నారు. కాబట్టి ఆ ఆటలో లోకల్ ఎవరో, కానిదెవరో తెలుసుకోవాల్సిన అవసరం మనకూ వచ్చింది.

ఈ ఆటను ప్రపంచమంతటా నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ. ఒక దేశం జట్టుకు ఆడడానికి దాని ఎనిమిదో నిబంధన నాలుగు దారులు చూపిస్తుంది. ఆ దేశంలో పుట్టి ఉండాలి. లేదా అమ్మానాన్నల్లో గానీ, తాతా అవ్వల్లో గానీ ఒకరు అక్కడ పుట్టి ఉండాలి. ముత్తాత పనికిరాడు. ఆ రెండూ లేకపోతే, ఆడే రోజుకు ముందు వరసగా 60 నెలలు ఆ దేశపు యూనియన్‌లో, అంటే జాతీయ రగ్బీ సంఘంలో, మాత్రమే ఆటగాడిగా నమోదై ఉండాలి. అదీ కాకపోతే విడతలు విడతలుగానైనా ఆ దేశంలో మొత్తం పదేళ్లు గడిపి ఉండాలి. ఇందులో పాస్‌పోర్టు మాటే లేదు. ఒలింపిక్స్ అయితే ఆ దేశ పౌరసత్వం కావాల్సిందే. దేశాల మధ్య జరిగే మామూలు టెస్టు మ్యాచ్‌కు అక్కర్లేదు.

ఈ గడువు ఒకప్పుడు 36 నెలల నివాసమే. దాన్ని 60కి పెంచాలని 2017లో తీర్మానించారు. కరోనా వల్ల ఏడాది వెనక్కిపోయి 2021 ఆఖరులో అమల్లోకి వచ్చింది. మూడేళ్లంటే ఒక క్లబ్బు కాంట్రాక్టు కాలం. దూరదేశం కుర్రాణ్ణి డబ్బిచ్చి తెచ్చుకుని, కాంట్రాక్టు తీరేసరికి జాతీయ జెర్సీ తొడిగే పద్ధతి డబ్బున్న యూనియన్లకు బాగా అలవాటైంది. అయిదేళ్లంటే ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు. పెంచడం సబబే.

అసలు చిక్కు అర్హత సంపాదించడంలో లేదు, కట్టుబడిపోవడంలో ఉంది. ఒక దేశం సీనియర్ పదిహేను మంది జట్టుకు గానీ, ఆ దేశం 'రెండో జట్టు' అని ముందే ప్రకటించిన దానికి గానీ, సీనియర్ సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) జట్టుకు గానీ ఒక్క మ్యాచ్ ఆడితే చాలు, ఆటగాడు ఆ దేశానికి కట్టుబడినట్టే. సెవెన్స్‌లో మాత్రం 20 ఏళ్లు నిండాకే ఇది వర్తిస్తుంది. ఒలింపిక్స్, సెవెన్స్ ప్రపంచకప్‌లలో అయితే మేజరైతే చాలు. రెండో జట్టు ఏదన్నది యూనియన్ ఇష్టం. కొన్ని యూనియన్లు ఒకప్పుడు అండర్-20 జట్టునే ఆ పేరుతో రాసిచ్చేవి. అప్పుడు కూడా అవతలి జట్టు సైతం ఆ దేశానికి రెండో జట్టు అయితేనే ముడి పడేది. అంటే ఒకే కుర్రాడు ఒకే సీజన్‌లో ఒకరి మీద ఆడితే స్వేచ్ఛ, ఇంకొకరి మీద ఆడితే జన్మబంధం. పందొమ్మిదేళ్ల పిల్లవాడికి ఈ సంగతి మైదానంలో ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పలేదు కాబట్టే 2018 గొడవ జరిగింది.

ఆ ఏడాది మార్చిలో బెల్జియం మీద గెలిస్తే స్పెయిన్ నేరుగా జపాన్ ప్రపంచకప్‌కు వెళ్లేది. 18-10తో ఓడింది. రిఫరీ రొమేనియా వాడు, స్పెయిన్ ఓడితే లాభపడేదీ రొమేనియానే. స్పెయిన్ ఆటగాళ్లు మైదానంలోనే అతని వెంటపడ్డారు. ఫిర్యాదులు వెళ్లాయి. విచారణ రిఫరీ దగ్గర మొదలై ఆటగాళ్ల పుట్టుపూర్వోత్తరాల దాకా పోయింది. స్పెయిన్‌కు ఆడిన ఇద్దరు అంతకుముందే ఫ్రాన్స్ అండర్-20 జట్టులో వేల్స్ అండర్-20 మీద ఆడి ఉన్నారు. అప్పట్లో రెండు దేశాలకూ అదే రెండో జట్టు. రొమేనియా సెంటర్ స్థానంలో ఆడించిన ఒకడు అంతకుముందు టోంగా సెవెన్స్‌కు ఆడినవాడు. బెల్జియం జట్టులోనూ అనర్హులు తేలారు. స్పెయిన్‌కు 40 పాయింట్లు, రొమేనియాకు 30, బెల్జియానికి 30 కోత. ముగ్గురూ పడిపోగా, మైదానంలో సాధించలేనిది పట్టికలో దొరికి రష్యా ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో జపాన్ ఎదుట నిలబడింది.

ఆ దెబ్బ తిన్న స్పెయినే నాలుగేళ్లు తిరక్కుండా మళ్లీ దొరికింది. నివాసం దారిలో అర్హత చూపించిన, ప్రాప్ స్థానంలో ఆడే దక్షిణాఫ్రికా ఆటగాడు ఒకడు మధ్యలో దేశం దాటి బయట గడిపిన రోజులు పరిమితి మించాయి. ఆ సంగతి దాచడానికి పాస్‌పోర్టు నకలునే మార్చి ఇచ్చారు. అతను ఆడింది నెదర్లాండ్స్ మీద రెండు మ్యాచ్‌లు. 2022 ఏప్రిల్‌లో పది పాయింట్లు కోశారు, 2023 ప్రపంచకప్ బెర్తు పోయి రొమేనియాకు దక్కింది. మూడో స్థానంలోకి జరిగిన పోర్చుగల్‌కు చివరి అర్హత టోర్నీలో ఆడే వీలు చిక్కింది. దుబాయ్‌లో అమెరికాతో 16-16తో ముగించి లోపలికొచ్చి, ఫ్రాన్స్‌లో ఫిజీని 24-23తో ఓడించింది. ఒక జిరాక్స్ కాగితం ఎంతమంది రాత మార్చిందో చూడండి.

రెండుసార్లూ తప్పు ఒకచోటే ఉంది. ఆటగాడు చెప్పింది క్లబ్బు నమ్మింది, క్లబ్బు ఇచ్చింది యూనియన్ నమ్మింది, యూనియన్ పంపింది పైవాళ్లు నమ్మారు. ఎవరో ఫిర్యాదు చేసేదాకా అసలు కాగితం ఎవరూ తెరిచి చూడలేదు. ఈ జబ్బు కొత్తదీ కాదు. తాత వేల్స్‌లోని కార్మార్థెన్‌లో పుట్టాడని న్యూజిలాండ్ ఆటగాడు బ్రెట్ సింకిన్సన్‌ను వేల్స్ ఆడించింది; ఆ తాత పుట్టింది ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో అని 2000లో బయటపడింది. (తర్వాత అతను నివాసం దారిలో అర్హుడై మళ్లీ వేల్స్‌కే ఆడాడు, అది వేరే సంగతి.) తెలియక చేశామన్నా యూనియన్‌కు శిక్ష తప్పదన్న నియమం సరైనదే. కానీ శిక్ష టోర్నీ అయ్యాక పడితే ఏ తప్పూ చేయని మిగతా ఆటగాళ్లు కూడా మునిగిపోతారు. మొదటి మ్యాచ్‌కు ముందే ఒక్కో ఆటగాడి పత్రాలు వరల్డ్ రగ్బీ దగ్గర చేరి, అక్కడ పరిశీలించి ముద్ర వేశాకే జెర్సీ ఇవ్వాలన్నది మా వాదన. ముద్ర వేసినవారిదే ఆపై బాధ్యత కావాలి.

ఇది జరిగే పనేనని ఆ సంస్థే చూపించింది. 2022 జనవరి నుంచి ఒక ఆటగాడు జీవితంలో ఒక్కసారి దేశం మారవచ్చు. చివరి అంతర్జాతీయ మ్యాచ్ తర్వాత 36 నెలలు ఖాళీగా ఉండాలి. వెళ్లే దేశంలో తానో, తల్లిదండ్రులో, తాత అవ్వలో పుట్టి ఉండాలి. నివాసం, నమోదు ఇక్కడ చెల్లవు. ప్రతి దరఖాస్తునూ కమిటీ ముందుగా చూసి అనుమతించాలి. న్యూజిలాండ్‌కు ఆడి పక్కనపెట్టబడిన చార్ల్స్ పియుటౌ, మలకాయ్ ఫెకిటోవా ఈ దారిలోనే 2023 ప్రపంచకప్‌లో టోంగాకు ఆడారు. చిన్న ద్వీప దేశాలకు ఇది న్యాయం. అయితే లాభం వాటికే కాదు. జాన్ క్లైన్ 2019లో నివాసం మీద ఐర్లాండ్ ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు, 2023లో పుట్టుక మీద దక్షిణాఫ్రికా విజేత జట్టులో ఉన్నాడు. అయినా నియమం మంచిదే, ముందుగా చూసి ఒప్పుకోవడమే అందులో గొప్ప. మొదటి జెర్సీకి కూడా ఆ పద్ధతే పెడితే సరిపోతుంది.

మన విషయానికొస్తే చిక్కు తిరగబడుతుంది. భారత జట్లలో భారత పౌరులే ఉండాలని 2008 చివర్లో కేంద్ర క్రీడల శాఖ తేల్చింది. కావలి దంపతులకు మెల్‌బోర్న్‌లో పుట్టి ఆస్ట్రేలియా పాస్‌పోర్టు తీసుకున్న కుర్రాడు వరల్డ్ రగ్బీ లెక్కలో మనవాడు, ఢిల్లీ లెక్కలో కాడు. విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ఫుట్‌బాల్‌లో అరాటా ఇజుమి జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే 2013లో భారత్‌కు ఆడగలిగాడు. ఇక ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన కుటుంబాలది మరో రకం చిక్కు. కువైట్‌లో పుట్టిన బిడ్డకు భారత పాస్‌పోర్టు ఉంటుంది, ఢిల్లీకి అది చాలు. వరల్డ్ రగ్బీకి చాలదు. ఇక్కడ నమోదు గడువు గానీ, నివాసం గడువు గానీ నిండకపోతే అమ్మో నాన్నో, తాతో అవ్వో భారత్‌లో పుట్టారన్న రుజువు కావాలి.

ఆ రుజువు చాలా ఇళ్లలో లేదు. మెట్ట ఊళ్లలో ఇంట్లో పురుడు పోసుకున్న తరానికి జనన నమోదు తక్కువ. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఉన్నా ఊరు ఉండకపోవచ్చు. ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి రికార్డులో లేదన్న పత్రం తీసుకోవాలి. దానికి అఫిడవిట్, చదువు పత్రాలు జతచేసి దరఖాస్తు పెడితే తహసీల్దార్ విచారణ, ఆపైన ఆర్డీఓ ఉత్తర్వు, ఆ తర్వాతే నమోదు. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇంటిపేరు దగ్గర: పాస్‌పోర్టులో పూర్తిగా చివర, టెన్త్ పత్రంలో ఒక్క అక్షరంగా ముందు. ఇద్దరూ ఒకరేనని ముందే ఒక పత్రం తీసుకుంటే నెలలు కలిసొస్తాయి. జిల్లా పేరూ తికమక పెడుతుంది. 1968లో కందుకూరులో పుట్టిన తాతది నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. ఆయన మాత్రం వాకిలి దాటలేదు. రగ్బీకి కావాల్సింది దేశమే అయినా, రెండు పత్రాల్లో రెండు జిల్లాలు కనబడితే పరిశీలకుడు ప్రశ్న వేస్తాడు. రాష్ట్ర సంఘాలు అండర్-14 నమోదు ఫారంలోనే తల్లిదండ్రుల జన్మస్థలం అడిగి, పత్రం నకలు అప్పుడే తీసి ఉంచుకోవాలి. ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరగడానికి పిల్లవాడు పద్నాలుగేళ్ల వాడైతే టైముంటుంది, జట్టు ప్రకటించే వారంలో ఉండదు.