కాక్టస్ కుండీలో జిగురేసుకుని కూర్చున్న రంగురాళ్ళకు

మహారాజశ్రీ రంగురాళ్ళ గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలు. నిన్న ఆదివారం పప్పన్నం తిని ఓ కునుకు తీద్దామనుకుంటే, మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. స్క్రూడ్రైవరు మొన వంగింది గానీ తమరు జరగలేదు. అతికించిన మహానుభావుడి పనితనానికి ముందుగా ఒక దండం.

లాల్‌బాగ్ ఫ్లవర్ షో చూసి వస్తూ దారిలో తమరిని కొన్నాం. క్షమించాలి, మేం కొన్నది కాక్టస్‌ని. తమరు దాని మెడకి చుట్టుకుని వచ్చారు. "వారక్కె ఒందు సల నీరు హాకి సార్, సాకు" అన్నాడు అమ్మినాయన. వారానికోసారి చాలట. ఎక్కడ పొయ్యాలి నాయనా? తమరి నెత్తిన పోస్తే జారి టీపాయ్ మీదకొచ్చేవి. పోనీ, మట్టి ఆరిందో లేదో చూద్దామంటే తమరి మధ్య గుండుసూది దూరదు.

చలి తగ్గి మొక్క పెరుగుదలకి వచ్చే ఈ ఫిబ్రవరి చివరే కుండీ మార్చడానికి మంచి అదను. వానల్లో పెట్టుకుంటే తెగిన వేళ్ళు ఆరక కుళ్ళుతాయి. అందుకని పేపరు మడతపెట్టి మొక్కని పట్టుకుని కూర్చున్నాను. చివరికి మీరు సిమెంటు పలకలా ఒక్క ముక్కగా లేచొచ్చారు, కాండం మొదట్లో తోలు కూడా కొంచెం లాక్కుని! కింద ఏముంది? పైన గట్టిపడిపోయిన కొబ్బరిపొట్టు, అడుగున కుళ్ళు వాసన. ఆ పింగాణీ కుండీకి చిల్లే లేదు. మొక్క నెత్తిన వేడి గమ్‌తో అంటించిన ఎండుపువ్వు సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

ఒరేయ్, ఎవడి కళ్ళకి అందంగా కనబడాలనిరా ఇదంతా? అది ప్రాణమున్న మొక్క! షోకేసులో బొమ్మ కాదు. నల్లబడ్డ వేళ్ళు కత్తిరించి, గాయాలు ఆరడానికి నీడలో పడుకోబెట్టాను. ఆరాక, చిల్లున్న మట్టికుండీలో సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు వేసి నాటాలి. కుండీ పాతదానికన్నా ఓ అంగుళం వెడల్పుంటే చాలు. మరీ పెద్దదైతే తడి ఆరదు. నాటాక కూడా వారం దాకా నీళ్ళుండవు.

నిజానికి విడివిడిగా పోస్తే మీరూ పనికొచ్చేవాళ్ళే. కాండం మొదట్లో తడి నిలవకుండా చూస్తారు. అందుకే పారెయ్యలేదు, వేడినీళ్ళలో నానబెట్టాను. జిగురు వదిల్తే కొత్త కుండీలో చోటిస్తా. వదలకపోతే మాత్రం మా అపార్ట్‌మెంట్ గేటు ముందు రోడ్డు గుంతలో వేస్తాను. అక్కడెంత అతుక్కుంటే అంత మంచిది.

ఇట్లు,
సెల్లో టేపుతో నూగుముళ్ళు పీక్కుంటున్న
ఓ బెంగళూరు బాల్కనీవాసి